మెయిలు బోగీలో బూడిద దూది

రఫీకుల్‌ని ఉదయం టీకి ముందే పంపించేశారు. తెల్ల వ్యాను ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. అందులోంచి దిగిన ఇద్దరు, బోగీ లోపల నిచ్చెన మీద నిలబడి పైకప్పు గీకుతున్న రఫీకుల్‌ని పేరు పెట్టి పిలిచారు. అతను దిగి వచ్చాడు. జుట్టు నిండా బూడిద, కనుబొమల మీదా బూడిదే. ముఖం కడుక్కుని వస్తానన్నాడు. అక్కర్లేదు, ఎక్కమన్నారు. అతని సంచీ అప్పటికే వ్యానులో ఉంది. మనిషి పనిలో ఉండగానే డార్మిటరీలో అతని మంచం ఖాళీ చేసి బట్టలు సర్దేశారన్నమాట. మధ్యాహ్నం విమానానికి ఢాకా పంపేస్తున్నారు.

అతను చేసిన నేరం ఒక ప్రశ్న అడగడం. రెండు రోజుల కిందట, ఈ దుమ్ము ఏమిటి, దీనికి మంచి మాస్కు ఉండాలి కదా అని అడిగాడు. జవాబు రాకపోయేసరికి ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాడు. పని చోట ఫోటోలు తీయడం కంపెనీ రూలుకు విరుద్ధమట. మాస్కు ఇవ్వకపోవడం ఏ రూలుకు విరుద్ధమో ఎవరూ చెప్పలేదు.

ఈశ్వరరావు గ్రైండరు చేతిలో పట్టుకుని అంతా చూశాడు. ఆపమని అనలేదు. ఎందుకని అడగలేదు. మిగతా ఎనిమిది మందీ అంతే. వ్యాను గేటు దాటేవరకు నిలబడి, మళ్ళీ పనిలో దిగారు. ఆ నిలబడటం ఈశ్వరరావుకి చాలాకాలం మింగుడుపడలేదు. అప్పటికి మాత్రం ఒక ఊరట వెతుక్కున్నాడు: పాపం, ఫోటోలు తీయకుండా ఉండాల్సింది.

ఆ షెడ్డు జురాంగ్ ఈస్ట్‌కి అవతల, ఫ్యాక్టరీల మధ్య ఉంది. అందులో మూడు పాత మెయిలు బోగీలున్నాయి. డెబ్బై ఏళ్ళ కిందట సింగపూరు నుంచి ఉత్తరానికి వెళ్ళే ప్యాసింజరు రైళ్ళకి వీటిని తగిలించేవారు. ముందు పెట్టెల్లో జనం నిద్రపోతుంటే ఈ పెట్టెలో మనుషులు నిలబడి ఉత్తరాలు విడదీసేవారు. గోడకి చెక్క గూళ్ళు, ఒక్కో ఊరికి ఒక్కో గూడు, మొత్తం నలభై ఎనిమిది. స్టేషన్లో ఆగినప్పుడు జనం బయటినుంచే ఉత్తరం వేయడానికి బోగీ పక్కన సన్నటి ఇత్తడి సందు. పార్సిళ్ళు, మెయిలు సంచులు, కోడిపిల్లల బుట్టలు, అన్నీ ఇందులోనే వెళ్ళేవి. ఆ కాలం పోయింది. ఎక్కడో తుప్పు పట్టి పడివున్న బోగీల్ని కంపెనీ తెచ్చుకుంది. మొదటిదాన్ని బాగుచేసి జురాంగ్ ఈస్ట్‌లో కొత్త మాల్ ముందు కాఫీ దుకాణంగా పెట్టాలి. చరిత్ర కంటే కాఫీకి గిరాకీ ఎక్కువ కాబట్టి చరిత్రలో కూర్చుని కాఫీ తాగుతారు.

కంపెనీ పేరు ఏదైతేనేం. బోగీ పైకప్పుకీ గోడలకీ లోపల, ఎండ వేడి దిగకుండా, నాలుగు వేళ్ళ మందాన బూడిద రంగు దూది అంటించి ఉంది. దాన్ని గీకి తీసే పని ఈశ్వరరావు గ్యాంగుది. నలుగురు తెలుగువాళ్ళు, ముగ్గురు తమిళులు, రఫీకుల్ వెళ్ళాక మిగిలిన ఇద్దరు బంగ్లాదేశీలు. కంపెనీ ఇచ్చిన మాస్కు గుడ్డ ముక్క. చెమటకి తడిసి మూతికి అంటుకుంటుందని సగంమంది అదీ తీసేసేవారు.

ఇక డబ్బా సంగతి చెప్పాలి, కథంతా దాని చుట్టూనే ఉంది. ఈ ఊళ్ళో కూలివాళ్ళ మధ్యాహ్నం భోజనం తెల్లవారకముందే డార్మిటరీకి వస్తుంది. పొట్లాలు కట్టిన అన్నం లారీలో, షెడ్డులో ఏడెనిమిది గంటలు పడుంటుంది. పన్నెండింటికి విప్పితే పులిసిన వాసన. ఎవరికి చెప్పుకున్నా వినేవాడు లేడు. సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన ఈశ్వరరావుకి చేతిలో పనితనం ఉంది. పాత రేకు పెట్టె ఒకటి సంపాదించి, లోపల గోడలకి బూడిద దూది దట్టంగా కూరి, దానిమీద గోనె పట్టా కుట్టి, మూతకీ అదే వేశాడు. వేడివేడి పొట్లాలు పొద్దున్నే అందులో పెట్టి మూసేస్తే మధ్యాహ్నానికి కూడా పొగలు. సింగపూరు వచ్చాక వాళ్ళు వేడి అన్నం తిన్నది అప్పుడే. ఒకరోజు ప్రాజెక్టు మేనేజరు మహీధర్ కూడా తన క్యారేజీ అందులో పెట్టించుకుని, భలే ఉంది బ్రదర్ అని మెచ్చుకున్నాడు. ఈశ్వరరావు ఛాతీ ఒక అంగుళం పెరిగింది. నాలుగు నెలలు అందరూ ఆ డబ్బాలో అన్నమే తిన్నారు.

రఫీకుల్ వెళ్ళిన మూడో రోజు షెడ్డుకి ఒక ముసలాయన వచ్చాడు. దొరబాబు. ముత్తాతల కాలంలో కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఉండేది టోవా పాయోలో. పద్దెనిమిదో ఏట ఈ మెయిలు బోగీల్లోనే ఉత్తరాలు విడదీసే సార్టరుగా చేరాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన చేత పాత కబుర్లు చెప్పించి వీడియో తీయాలని కంపెనీ పిలిపించింది. పక్కన మనవరాలు సరయు. యూనివర్సిటీలో చదువుతూ, ఈ బోగీ చరిత్ర రాసే పనికి ఇక్కడ ఇంటర్న్‌గా చేరింది.

బోగీ మెట్టు ఎక్కుతూ ఆయన కమ్మీని పట్టుకున్న తీరు చూస్తే నిన్ననే దిగి వెళ్ళినట్టుంది. గూళ్ళని చేత్తో తడిమాడు. తలుపు పక్కన ఇనుప కొక్కేన్ని చూసి తల ఊపాడు. తర్వాత ఆయన కళ్ళు గోడమీద సగం గీకిన బూడిద పొర మీద పడ్డాయి. అక్కడినుంచి కింద, నీడలో కూర్చుని తింటున్న మనుషుల మీదికి, వాళ్ళ మధ్య తెరిచివున్న డబ్బా మీదికి వెళ్ళాయి. గోనె పట్టా ఒక మూల చిరిగి దూది బయటికి కనిపిస్తోంది.

"తంబీ, ఈ డబ్బా ఎవరు చేశారు?" అన్నాడు దగ్గరికొచ్చి.

"నానే సేసినాను తాతా. బోగీ గోడల్ది దూది. సూడండి, అన్నం ఇంకా కాల్తంది," అన్నాడు ఈశ్వరరావు మురిసిపోతూ.

ముసలాయన నవ్వలేదు. ముందు అందరూ దూరం జరగండి అన్నాడు. మూత నెమ్మదిగా వేయించాడు. ఆ తర్వాత, నిలబడలేక ఒక చెక్క దుంగ మీద కూర్చున్నాడు.

"మా గ్యాంగు ఏడుగురం," అన్నాడు. "వేడికి చొక్కాలు తీసేసి ఈ గోడకే వీపు ఆనించేవాళ్ళం. రేకు ఊడిన చోట ఇది రాలేది. మెడ మీద, సంచుల మీద, మేం తినే మకాన్, తిండి మీద. బండికి తల నెరిసిందిరా అని నవ్వుకునేవాళ్ళం. పాతికేళ్ళు ఏమీ కాలేదు. ఆ తర్వాత మొదలైంది. హమీద్, పళని, మా సొంత అన్న. ఏడుగురిలో ఐదుగురు ఊపిరాడక పోయారు. డాక్టరు అడిగాడు, ఎప్పుడైనా దీంతో పని చేశారా, కాగితం ఉందా అని. మా దగ్గర కాగితం లేదు తంబీ. మేం చేసిన పని ఎక్కడా రాసి లేదు."

సరయు మోకాళ్ళ మీద కూర్చుని, ముట్టుకోకుండా, చిరుగులోంచి చూసింది. "తాతా, ఇది ఆస్‌బెస్టాస్," అంది. మాస్కు, ఒళ్ళంతా కప్పే బట్టలు, మూసిన గది, ఎవరెవరు పనిచేశారో రాసిన రిజిస్టరు, డాక్టరు పరీక్ష, ఇవన్నీ లేకుండా దీన్ని గీకించడం ఈ దేశంలో నేరమని వచ్చీరాని తెలుగులో వివరించింది. డబ్బాని మూడు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి టేపు వేసి ముసలాయనకి అప్పగించారు. చిటికెడు దూది ఆమె ఒక చిన్న కవర్లో మూసి తీసుకెళ్ళింది.

ఈశ్వరరావు చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తొమ్మిది మందికి, వెళ్ళిపోయిన రఫీకుల్‌తో పది మందికి, రోజూ అన్నంతోపాటు ఆ దుమ్ము తన చేత్తో తానే పెట్టాడు. ముందు తన మీద తనకి అసహ్యం వేసింది. కాసేపటికి అసహ్యం పోయి కోపంతో ఒళ్ళు మండటం మొదలైంది. తనకి తెలియదు. తెలిసినవాళ్ళు ఉన్నారు. రఫీకుల్‌ని అంత హడావిడిగా ఎందుకు పంపారో ఇప్పుడు అర్థమైంది.

మర్నాడు ఒక్కడే మహీధర్ గదికి వెళ్ళాడు. మహీధర్ కూడా శ్రీకాకుళం జిల్లావాడే, టెక్కలిలో చదువుకున్నాడు, ఇప్పుడు సెరంగూన్‌లో ఖరీదైన కాండో ఫ్లాటులో ఉంటాడు. కుర్చీ వేసి, మంచినీళ్ళ సీసా ఇచ్చి, మనం మనం ఒక జిల్లావాళ్ళం అన్నాడు. అది గాజు దూది మాత్రమే, ముసలాయనకి చాదస్తం అన్నాడు. ఈశ్వరరావు ఒక్కటే అడిగాడు: ఈ పని మేం చేశామని, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని, మా పేర్లు రాసి కాగితం ఇవ్వండి. మహీధర్ నవ్వి, అలాంటి కాగితాలు ఇవ్వం బ్రదర్, నువ్వు బాగా అలిసిపోయావు, ఇంటికెళ్ళి రెస్టు తీసుకో అన్నాడు. సాయంత్రానికి ఈశ్వరరావు ఫోనుకి విమానం టికెట్టు వచ్చింది. మాల్ ముందు బోగీ ప్రారంభం ఈ నెల పదమూడున. టికెట్టు పద్నాలుగున.

ఆదివారం తొమ్మిది మందీ టోవా పాయోలో దొరబాబు ఫ్లాటుకి వెళ్ళారు. ఆయన భార్య రాజమ్మ కోడికూర, అన్నం వండింది. గుమ్మం బయట తొమ్మిది జతల చెప్పులు. లోపల ముందు తినడం, తర్వాత పోట్లాట.

సరయు కాగితం తెచ్చింది. ల్యాబులో పరీక్ష చేయించారు, అది ఆస్‌బెస్టాసే. ఆమె సంబంధిత ఆఫీసుకి ఫిర్యాదు కూడా పంపింది, పద్నాలుగు పనిదినాల్లో జవాబిస్తామని మెషిను జవాబు వచ్చింది. తమకున్నది పది రోజులు. పని ఆపి గుంపు కడితే అదీ నేరమేనని, జైలుకి కూడా పంపొచ్చని చెప్పి జాగ్రత్తగా ఉండమంది.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన గంగారాం అన్నం పళ్ళెం పక్కన పెట్టాడు. "నేను చెప్పేది ఇనుండ్రి. దగ్గొచ్చేది ముప్పై ఏండ్లకు. పర్మిట్ పోయేది రేపే. ఎప్పుడో వచ్చే సావు కోసం ఇయ్యాల బువ్వ పోగొట్టుకుంటమా?"

ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. అందరి ఇళ్ళల్లోనూ అదే లెక్క. సెల్వరాజ్ అనే తమిళుడు, ఏమీ అడగని హమీద్, పళని కూడా పోయారు కదా అన్నాడు. బంగ్లాదేశీ షాహీన్ రఫీకుల్ తీసి పంపిన ఫొటోలు ఫోనులో చూపించాడు. ఈశ్వరరావు లేచి నిలబడ్డాడు. డబ్బా చేసింది తను, టికెట్టు వచ్చిందీ తనకే, కాబట్టి తనొక్కడే మళ్ళీ వెళ్ళి గొడవ పెట్టుకుంటానన్నాడు.

అప్పటిదాకా కిటికీ దగ్గర కూర్చున్న దొరబాబు అతన్ని కూర్చోమన్నాడు. మెయిలు బోగీలో ఒక పద్ధతి ఉండేదని చెప్పాడు. ప్రతి సంచి మూతికీ తాడు కట్టి లక్క సీలు వేస్తారు. సీలు పగిలిన సంచి ఏ స్టేషన్లోనైనా ఎక్కితే, అందుకున్నవాడు దాన్ని లోపలికి తీసుకోడు, తలుపు పక్కన ఇనుప కొక్కేనికి తగిలిస్తాడు. ఇక గార్డు అరిచినా, స్టేషన్ మాస్టరు అరిచినా ఎవరూ దాన్ని ముట్టరు. గ్యాంగు మొత్తం వచ్చి చూడాలి. చూసినవాడు ప్రతివాడూ ఒకే కాగితం మీద తను చూసింది తన చేత్తో, తనకొచ్చిన భాషలో ఒక్క వరస రాయాలి. ఒకరి తరఫున ఇంకొకరు రాయకూడదు.

"ఎందుకో తెలుసా?" అన్నాడు. "ఒక్కడు రాస్తే వాడే దొంగ అని ఇంటికి పంపేవాళ్ళు. ఏడుగురం ఏడు వరసలు రాస్తే ఎవణ్ణి పంపాలో వాళ్ళకి తెలిసేది కాదు. రఫీకుల్ ఒక్కడే అడిగాడు. నువ్వూ ఒక్కడివే వెళ్ళావు. అదే మీ తప్పు."

గంగారాం చెయ్యి తుడుచుకుని ముందుకు జరిగాడు. కాగితమియ్యిండ్రి, నా వరస నేను రాస్త అన్నాడు.

సోమవారం తొమ్మిది మందీ మహీధర్ ముందు నిలబడ్డారు. ఏ పనైనా చేస్తాం, బోగీ లోపలికి మాత్రం వెళ్ళం అన్నారు. తొమ్మిది వరసల కాగితం బల్లమీద పెట్టారు. ఇది ఏ భాష అని విసుక్కున్నాడు మహీధర్. "మూడు బాషలు సార్," అన్నాడు ఈశ్వరరావు. "ఒకటి మీకొచ్చు కదా, సదవండి." మహీధర్ చదవలేదు. కాగితం తాను ముట్టుకోనన్నాడు. ముట్టుకుంటే అందినట్టవుతుందని అతనికి తెలుసు. సాయంత్రానికి మిగతా ఎనిమిది మంది ఫోన్లకీ టికెట్లు వచ్చాయి. అందరికీ పద్నాలుగో తేదీ. గంగారాం టికెట్టు చూసి, ఇగ భయపడెటందుకు ఏం మిగల్లే అన్నాడు.

కంపెనీ వాళ్ళని మాల్ ముందు పట్టాలు పరిచే పనికి మార్చింది. షెడ్డులోకి కొత్త గ్యాంగు దిగింది. గీకినంత గీకి, మిగిలినదాని మీద ప్లైవుడ్ కొట్టేశారు. పైన టేకు రంగు. లోపల బూడిద దూది అలాగే ఉంది, దాని ముందు కాఫీ బల్లలు వేశారు. ఈశ్వరరావు ఈ సంగతి సరయు ద్వారా విన్నప్పుడు, ఇక ఇది తమ తొమ్మిది మంది ఊపిరితిత్తుల గొడవ మాత్రమే కాదని అర్థమైంది. రేపు ఏ తల్లో బిడ్డని ఎత్తుకుని వచ్చి ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది.

ప్రారంభం రోజు కార్యక్రమం రాసింది సరయు. నలభై ఎనిమిది మంది అతిథులు, నలభై ఎనిమిది గూళ్ళు. ఒక్కో గూట్లో అతిథి పేరుతో ఒక జ్ఞాపిక కార్డు. దొరబాబు పాత ముద్ర కొట్టగానే అందరూ తమ తమ గూట్లోంచి కార్డు తీసుకుంటారు. ఆ మాట విన్న ఈశ్వరరావు, కార్డులకి బదులు ఉత్తరాలుంటే అన్నాడు. ఉత్తరం రాయడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు కదా.

ఈ పని చేస్తే కంపెనీ ఊరుకోదని సరయుకి తెలుసు. ఆమెకి పోయేది స్కాలర్‌షిప్పు. "ఆ కార్డ్స్ పెట్టింది నేనే కదా, నేనే తీసేస్తా," అంది. "కెన్." ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో, అవుతుందని.

తొమ్మిది మందీ తలా ఐదు ఉత్తరాలు రాశారు. ఎవరిది వాళ్ళే, ఎవరి భాషలో వాళ్ళు. అడుగున సరయు ఇంగ్లీషులో సారాంశం రాసింది. మిగిలిన మూడు గూళ్ళ కోసం రఫీకుల్ ఊరినుంచి తన చేత్తో రాసిన కాగితం ఫోటో పంపాడు, దాన్ని మూడు కాపీలు తీశారు. గంగారాంకి బడి మానేశాక ఇంత రాయడం అదే మొదలు. అక్షరాలు వంకరపోయాయని మొదటిది చింపేయబోతే రాజమ్మ చేయి పట్టుకుని ఆపింది.

పదమూడో తేదీ ఉదయం మాల్ ముందు బోగీ ఎర్రగా మెరిసిపోతోంది. బాజాలు, పూల గుత్తులు, వరసగా బడి పిల్లలు. తొమ్మిది మందికీ కొత్త టీషర్టులు తొడిగి, వీపు మీద 'మన హీరోలు' అని ఇంగ్లీషులో అచ్చు వేయించి, జనానికి అడ్డంగా కట్టిన తాడు పక్కన నిలబెట్టారు. రేపు విమానం ఎక్కించబోయే హీరోలు. కంపెనీ ఛైర్మన్ మాట్లాడుతూ, ఈ బోగీ మన పెద్దల చెమటకి గుర్తు అన్నాడు. చప్పట్లు కొట్టారు.

దొరబాబు పాత ఖాకీ కోటు వేసుకుని బోగీ ఎక్కాడు. చేతిలో గుడ్డసంచి. అందులోంచి మూడు పొరల ప్లాస్టిక్‌లో చుట్టిన రేకు డబ్బా తీసి, తలుపు పక్కన ఇనుప కొక్కేనికి తగిలించాడు. అది ఏమిటో మహీధర్‌కి వెంటనే తెలిసింది. మెట్టెక్కి దాన్ని తీసేయబోయాడు. ముసలాయన అడ్డంగా నిలబడి, సీలు పగిలిన సంచి అయ్యా, గ్యాంగు రాకుండా ముట్టకూడదు అన్నాడు. ఇంతమంది చూస్తుండగా ఎనభై ఏళ్ళ మనిషిని నెట్టడం కుదరదు. మహీధర్ ఆగిపోయాడు. ముద్ర ఠక్కున పడింది. అతిథుల చేతులు గూళ్ళలోకి వెళ్ళాయి.

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. అతిథుల్లో ఉన్న ఒక బడి పిల్లకి ఆమె గూట్లో దొరికింది గంగారాం ఉత్తరం. అడుగున ఉన్న ఇంగ్లీషు చదివింది, కార్యక్రమంలో భాగమనుకుని గట్టిగా, మైకు ముందు చదివింది. నా పేరు గంగారాం. నాలుగు నెలలు ఈ పైకప్పు గీకాను. నాకు మాస్కు ఇవ్వలేదు. ఇది ఆస్‌బెస్టాస్. మీ వెనక చెక్క ఉంది కదా, దాని వెనక ఇంకా ఉంది. దయచేసి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి.

టీచరు పిల్లల్ని బయటికి లాగింది. ఆ తర్వాత నలభై ఎనిమిది మందీ ఒకేసారి మెట్లు దిగడానికి చూశారు. ఛైర్మన్ ముఖం కందగడ్డ అయింది. సెక్యూరిటీ వాళ్ళు ఉత్తరాలు వెనక్కి తీసుకోబోతే, ఒక పెద్దావిడ తన పేరు మీద వచ్చిన ఉత్తరం ఇవ్వనని బ్యాగులో పెట్టుకుంది. అది చూసి పక్కవాళ్ళూ ఇవ్వలేదు. పావుగంటలో పోలీసులు వచ్చారు.

ఇద్దరు ముగ్గురు దిగారు. ముందున్న అధికారి యువకుడు, చేతిలో నోటుబుక్కు. ఛైర్మన్ తాడు పక్కన నిలబడ్డ తొమ్మిది మందిని చూపించాడు. అధికారి దగ్గరికొచ్చి, మీ లీడరు ఎవరు అని ఇంగ్లీషులో అడిగాడు.

ఈశ్వరరావు అడుగు ముందుకు వేయబోయాడు. డబ్బా చేసింది తనే కదా, ఆ పాత ఆలోచన మళ్ళీ కాళ్ళని లాగింది. అతని కంటే ముందే గంగారాం కదిలాడు.

"రాసుకో సార్. గంగారాం. మాది జగిత్యాల జిల్లా. బోగీ పైకప్పు గీకిన, నాలుగు నెలలు. అది గూడ రాయి."

సరయు ఇంగ్లీషులో చెప్పింది. అధికారి రాశాడు. అతని కలం కదలడం చూస్తుంటే ఈశ్వరరావుకి ఒక్కసారిగా తట్టింది. కంపెనీ ఇవ్వనన్న కాగితం ఇదే. పేరు, తేదీ, చేసిన పని, సర్కారు పుస్తకంలో. ముప్పై ఏళ్ళ తర్వాత డాక్టరు అడిగితే చూపడానికి, ఈ పని చేశారనడానికి, ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. ఆ మాట తెలుగులో అన్నాడు, సెల్వరాజ్ తమిళంలో అందించాడు. ఒక్కొక్కరూ ముందుకొచ్చారు. సెల్వరాజ్, ఎడమ గోడ. షాహీన్, కిటికీల కింద. షాహీన్ తన వరస అయ్యాక రఫీకుల్ పేరు కూడా చెప్పి, అతన్ని ఏ తేదీన పంపేశారో రాయించాడు. అధికారి కలం ఆపి, నేను అడిగింది లీడరు ఎవరని అన్నాడు. సరయు ఆ మాట తెలుగులో చెప్పింది. తర్వాతివాడు తన పేరు చెప్పాడు.

ఈశ్వరరావు ఆఖరున చెప్పాడు. "ఈశ్వరరావు. గోడలు కోసినాను. ఆ దూదితోటి అన్నం డబ్బా సేసినాను. అదిగో, కొక్కేనికుంది. నాకు తెలీక సేసినాను, తెలిసినోళ్ళు సెప్పలేదు. ఈ రెండూ రాయండి." తర్వాత మహీధర్ వైపు తిరిగాడు. "సార్, మీరూ నాలుగు నెలలు అందులోనే తిరిగారు. మీరూ ఆ డబ్బాలో అన్నం తిన్నారు. మీ పేరు కూడా రాయించుకోండి, రేపు పనికొస్తాది."

మహీధర్ చేయి తెలియకుండానే గుండె మీదికి వెళ్ళింది. ఛైర్మన్ చూస్తున్నాడని గమనించి దించేసుకున్నాడు. అతను ముందుకు రాలేదు.

తొమ్మిది మందినీ పోలీసు వ్యాను ఎక్కమన్నారు. స్టేషన్లో ఏమవుతుందో, విమానం రేపో, విచారణ అయ్యేదాకా ఇక్కడేనో ఎవరికీ తెలియదు. ముసలాయన కూడా మెట్టు దిగి, దొరబాబు, మెయిలు వాన్ సార్టరు, నా గ్యాంగులో పోయిన ఐదుగురి పేర్లు కూడా చెప్తాను, రాసుకో అన్నాడు. అధికారి కొత్త పేజీ తిప్పాడు.

అప్పుడు మాల్ గోడకి పనివాళ్ళు నిలబడేందుకు వేసిన సారువ మీద నుంచి ఒకతను దిగి వచ్చాడు. నడుముకి సేఫ్టీ బెల్టు, చేతిలో సుత్తి. ఎవరికీ తెలియని మనిషి. వరస చివర, ముసలాయన వెనక నిలబడ్డాడు. వ్యాను మెట్టు మీద ఉన్న ఈశ్వరరావు అతన్ని చూసి ఆగాడు.

"లోపల ప్లైవుడ్ కొట్టింది మేమే అన్నా," అన్నాడు ఆ మనిషి. "కొట్టే ముందు చూశాం. షెడ్డులో ఇంకా రెండు బోగీలున్నాయి, సోమవారం నుంచి మమ్మల్నే గీకమన్నారు. మేం ఆరుగురం."

అతను వెనక్కి తిరిగి సారువ వైపు చేయి ఊపాడు. పైనుంచి మిగతా ఐదుగురూ ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు.